అక్క కూడా నవ్వింది

డిసెంబరు 2

అక్క కూడా నవ్వింది. ముందు ఆ సంగతి రాసి పెట్టుకుంటున్నాను. ఎవరికైనా చూపించడానికి కాదు, ఈ డైరీ ఎవరికీ చూపించను. ఊరికే రాసి పెట్టుకుంటున్నాను.

జరిగింది ఇంతే. నిన్న సాయంత్రం అక్క వంటింట్లో కూరగాయలు తరుగుతూ అమ్మ పాట సాధన చేస్తోంది. ప్రతి క్రిస్మస్ ఉదయం చర్చిలో ప్రసంగానికి ముందు ఆ పాట ఉండాల్సిందే. అమ్మ సొంతంగా కట్టింది, కాగితం మీద ఎక్కడా లేదు. అమ్మ ఉన్నన్నాళ్ళూ అమ్మ పాడింది, తర్వాత అక్క పాడుతోంది. ఇంకెవరికీ రాదు.

పాకలో పవళించు చిన్నారి సామీ
చలిగాలి పొమ్మంటి, నిదురపో సామీ

అని మొదలవుతుంది. చివరి చరణంలో "ఆకాశమంతా నీ పందిరేనంట" అనే చోట గొంతు బాగా పైకి వెళ్ళాలి. అక్కకి అరవై దాటాయి. అక్కడికొచ్చేసరికి కీచుమంది. నేను తలుపు చాటున ఫోన్ పట్టుకుని రికార్డు చేశాను. సరిగ్గా ఆ కీచు దగ్గర నా పార్సిల్ వ్యాను బ్రేకు చప్పుడు అతికించాను. దాని వెనక నా గొంతు: "జరగండమ్మా జరగండి, బండి వెనక్కొస్తోంది!" కుటుంబం గ్రూపులో పెట్టాను.

ఎంత నవ్వారని! పిన్ని కొడుకైతే ఊపిరాడక చచ్చేవాణ్ణన్నాడు. వాడే దాన్ని చర్చి గ్రూపులో పెట్టాడు. ఆ పని నేను చెయ్యలేదు.

అక్కకి నేనే చూపించాను. "హహహ" అని గట్టిగా నవ్వింది. "కోతి వెధవా, నీకు వేరే పనేం లేదా" అంది. తర్వాత స్టవ్ ఆపానో లేదో చూసొస్తానని లేచి వెళ్ళింది. స్టవ్ అప్పటికి ఇంకా వెలిగించనే లేదు. వయసు కదా, మర్చిపోతుంటుంది.


డిసెంబరు 4

డ్యూటీ. అక్క టీ ఇచ్చింది. మాట్లాడింది. అన్నీ మామూలే.


డిసెంబరు 7

రెండో ఆదివారం. అక్క రెండో కొవ్వొత్తి వెలిగించింది. క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాలు నాలుగు కొవ్వొత్తులు, వారానికొకటి చొప్పున. పాత రేకు డబ్బాలో ఇసుక పోసి గుచ్చుతుంది. మా ఆవిడ పోయినేడాది గాజువి కొనుక్కొచ్చింది, అక్క వాటిని అందంగా అద్దాల బీరువాలో పెట్టి మళ్ళీ ఈ డబ్బానే తీసింది.

చర్చి అయ్యాక పాస్టరుగారు వచ్చి, "పెద్దమ్మా, పాట సిద్ధమేనా?" అని అడిగారు.

"ఈసారి పిల్లల చేత పాడించండి అయ్యగారూ. నా గొంతు బాగాలేదు," అంది అక్క.

"అయ్యో, మీ పాట లేకుండా ఎలా?"

"ఎన్నేళ్ళు వింటారు చెప్పండి. పిల్లల్ని పైకి రానివ్వాలి."

నాకు అప్పుడే తెలిసింది. గొంతు బాగాలేదన్నమాట. చలి కదా. దారిలో మా ఆవిడతో అన్నాను, "అక్కకి గొంతు పట్టేసింది పాపం" అని. మా ఆవిడ నా వంక చూసింది. చూసి, కిటికీ వైపు తిరిగింది.


డిసెంబరు 8

తేనె కొన్నాను. గొంతు బిళ్ళలు కొన్నాను.

"వదినకి తేనె పడదు. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి అది కూడా తెలీదా మీకు?" అంది మా ఆవిడ.

తేనె మా పిల్ల తాగేస్తోంది, సీసాతోనే.


డిసెంబరు 10

పార్సిల్ గోడౌను చూస్తే ఊళ్ళో జనమంతా ఇల్లు మారుతున్నారా అనిపిస్తోంది. పెట్టెల మీద పెట్టెలు. మా సూపర్‌వైజరుని మేం అలారం అంటాం. పొద్దున్నే మోగడం మొదలుపెడతాడు, ఎవరూ నొక్కకుండానే. "కదలండి కదలండి, పండగ మీకోసం ఆగదు!" ఆగితే బాగుండనిపిస్తుంది ఒక్కోసారి.

ఇవాళ ఒకావిడ మెట్ల మీదే పెట్టె చింపి ఏడ్చేసింది. బొమ్మకి నీలం గౌను రావాలట, ఆకుపచ్చది వచ్చింది. "మా పాప నన్ను క్షమించదండీ," అంటుంది. "పాపకి ఎన్నేళ్ళమ్మా?" అన్నాను. నాలుగట. "ఆ వయసులో రంగులు మీరేది చెబితే అదేనమ్మా, ఇది నీలమనే చెప్పండి" అన్నాను. ఏడుస్తూనే నవ్వింది. పక్క వీధిలో ఒకాయన, పెట్టె తన భార్యకి కనపడకుండా వెనక గుమ్మంలో ఇమ్మన్నాడు. వెనక గుమ్మానికి వెళితే ఆ భార్య నిలబడి ఉంది, తన పెట్టె ఆయనకి కనపడకూడదని. ఇద్దరి పెట్టెలూ తారుమారు చేసి ఇద్దామని చెయ్యి దురద పెట్టింది. ఆపుకున్నాను. నన్ను నేనే మెచ్చుకున్నాను.

భోజనం వేళ ఫోన్లో వెతికి గొంతుకి ఆవిరి పట్టే మిషను ఆర్డరు పెట్టాను. కొన్నవాళ్ళందరూ మెచ్చుకున్నారు దాన్ని. ఒకాయనైతే దీంతో తన గొంతు ఇరవయ్యేళ్ళ కుర్రాడిలా అయిందని రాశాడు.


డిసెంబరు 12

నా పార్సిలు నా బండిలోనే వచ్చింది! ఇలాంటి అవకాశం వదులుకుంటానా. టోపీ కళ్ళ మీదకి లాక్కుని, మా ఇంటి తలుపు నేనే కొట్టి, గొంతు మార్చి "పార్సిల్!" అని అరిచాను.

అక్క తలుపు తీసింది. "ఎవరికి బాబూ?"

"ఈ ఇంట్లో గొంతు పోయిన పెద్దావిడ ఒకరున్నారట కదమ్మా, ఆవిడకి."

అక్క నా టోపీ వంక చూసింది. "నేనే," అంది. "సంతకం ఎక్కడ పెట్టాలి?"

పెట్టింది. పెట్టె తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆట బాగానే ఆడింది. ఇదివరకైతే టోపీ లాగి నెత్తిన నాలుగు మొట్టేది.

మిషను బీరువా మీద పెట్టింది, అట్టపెట్టెతో సహా.


డిసెంబరు 13

మా ఆవిడ బట్టల షాపులో బిల్లింగు కౌంటరు. ఈ నెలంతా సెలవు లేదు. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడి, కళ్ళు మూసుకుని "తర్వాత, తర్వాత ఎవరు" అంటోంది. నేను వెళ్ళి ముందు నిలబడి, "ఈ చొక్కా చిరిగింది మేడమ్, మార్చి ఇస్తారా" అన్నాను. కళ్ళు తెరవకుండానే దిండు విసిరింది. గురి తప్పలేదు.

పిల్లకి ఫోన్ నొక్కితే రంగులు మారే దీపాలు కావాలి. కొన్నాను. కొత్త చెట్టు కొన్నాను, మడిచి దాచేది. కరెంటు నక్షత్రం కొన్నాను. అక్క ప్రతి ఏడూ అటక మీంచి పాత కాగితపు నక్షత్రం దింపి, చిరిగిన చోటల్లా అంటించి, గుమ్మానికి కట్టేది. ఈసారి అటక ఎక్కమని నాకు చెప్పలేదు. కాబట్టి కొత్తది కొన్నాను. తప్పా?

"ఇంట్లోకి అన్నీ వస్తున్నాయి," అంది మా ఆవిడ దీపాలు విప్పుతూ.

"వస్తే మంచిదేగా?"

"పాట తప్ప, అంటున్నాను."

"గొంతు బాగాలేదు కదే ఆవిడకి!"

మా ఆవిడ చిక్కుపడిన తీగ నా ఒళ్ళో పడేసి లోపలికి పోయింది.


డిసెంబరు 14

మూడో కొవ్వొత్తి. అక్క ప్రార్థన చేసింది. అందరి పేర్లూ చెప్పింది, నా పేరూ చెప్పింది. నేను కళ్ళు తెరిచి చూస్తూనే ఉన్నాను. మామూలుగానే ఉంది మొహం.

పడుకునే ముందు పిల్ల వచ్చి నా మంచం మీద కూర్చుంది. "నాన్నా, అత్త ఇప్పుడు వంట చేస్తూ కూడా పాడట్లేదు, చూశావా?"

"గొంతు రా తల్లీ."

"మనసులో పాడుకునేటప్పుడు కూడా పెదాలు కదిలేవి కదా. అవి కూడా కదలట్లేదు."

పదహారేళ్ళ పిల్లకి అన్నీ కావాలి.


డిసెంబరు 17

సగం రోజు సెలవు పెట్టి అక్కని గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. వద్దు వద్దంటూనే వచ్చింది. నోట్లోకి లైటు వేసి చూశాడు. ఆ అనమన్నాడు, ఈ అనమన్నాడు.

"గొంతు శుభ్రంగా ఉందమ్మా. వయసుని బట్టి కాస్త పట్టు తగ్గుతుంది, అంతే. పాడుకోండి, మాట్లాడుకోండి, ఏం ఫర్వాలేదు."

"విన్నావుగా?" అంది అక్క నాతో.

డాక్టరు మరీ కుర్రాడు. మీసం కూడా సరిగ్గా రాలేదు. అతనికేం తెలుస్తుంది.

బస్సు కోసం నిలబడ్డాం. అక్క భుజాలు దగ్గరికి ముడుచుకుని నిలబడింది. చలి. అదే నేననేది. మంచి ఉన్ని శాలువా కొనాలి. మెడ దాకా కప్పుకునేది.


డిసెంబరు 19

మా ఆవిడ పనిచేసే షాపుకే వెళ్ళాను శాలువా కోసం. లోపలికి వెళ్ళానో లేదో, జనం నన్ను మోసుకుపోయారు. నడవలేదు నేను. ఎవరో పిల్లాడు నా చేతిని వాళ్ళ నాన్న చెయ్యనుకుని పట్టుకుని బొమ్మల దాకా లాక్కెళ్ళాడు, తలెత్తి చూసి ఏడుపందుకున్నాడు. పైన స్పీకర్లో గంటలు మోగుతున్నాయి. ప్రతి మొహమూ ఏదో మర్చిపోయినట్టు ఉంది.

నాలుగైదు శాలువాలు భుజాన వేసుకుని క్యూలో నిలబడ్డాను. క్యూ కదలదు. ఊరుకోలేక ముందున్నాయనతో "మీరు వచ్చే క్రిస్మస్‌కి కొంటున్నారా అండీ, ఈ క్రిస్మస్‌కా" అన్నాను. నవ్వాడు. మాటలు కలిశాయి. మంచాయన. వెల్డింగు పనట. కాసేపాగి, "మీకొకటి వినిపిస్తానుండండి, మా బావమరిది పంపాడు" అని ఫోన్ తీశాడు.

పాకలో పవళించు చిన్నారి సామీ. ఆ తర్వాత బ్రేకు. జరగండమ్మా జరగండి.

వెనకున్న ఆడవాళ్ళు కూడా వంగి విన్నారు. మళ్ళీ పెట్టమన్నారు. మళ్ళీ పెట్టాడు. క్యూ అంతా నవ్వు.

"ఎవరో గానీ ఈ ముసలావిడ, మా ఇంట్లో రోజూ ఇదే," అన్నాడాయన కళ్ళు తుడుచుకుంటూ. "మీకు తెలుసా ఈవిడ?"

నేను కూడా నవ్వుతున్నాను. గట్టిగానే. హహహ అని. అందరూ మన మొహంలోకే చూస్తుంటే నవ్వక ఏం చేస్తాం? నవ్వకపోతే...

"తెలీదండీ," అన్నాను.

శాలువాలు ఒక స్టాండు మీద పెట్టేసి బయటికి వచ్చేశాను. మా ఆవిడ కౌంటరు లోంచి పిలిచింది. వినపడనట్టు వచ్చేశాను.


డిసెంబరు 20

ఏమీ రాయబుద్ధి కావట్లేదు.


డిసెంబరు 21

నాలుగో కొవ్వొత్తి.

గ్రూపులోంచి ఆ పాట తీసేశాను. తీసేస్తే ఏం లాభం, వెల్డింగాయన బావమరిది దాకా పోయింది.

ఇరవైనాలుగో తారీఖు దగ్గరికొచ్చేస్తోంది. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది, అమ్మ పెట్టింది. క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం భోజనాలకి ముందు, నాలుగు కొవ్వొత్తులూ వెలిగించి చుట్టూ కూర్చుని, ఒకరినొకరు క్షమించమని అడగాలి. మా ఇంట్లో పెద్దవాళ్ళే ముందు అడగాలి, వయసు వరసలో. పెద్దవాళ్ళు అడగడం చూడకపోతే పిల్లలకి అడగడం ఎలా వస్తుందనేది అమ్మ. అమ్మ పోయాక అక్కే మొదలు. తర్వాత నేను.

ఇన్నేళ్ళూ నా వంతు రాగానే "అక్కా, నీ వంట తిని కూడా ఇంకా బతికే ఉన్నాను, ఆ తప్పు క్షమించు" లాంటివే చెప్పాను. అందరూ ఎదురుచూసేవాళ్ళు నేనేమంటానా అని.

ఈసారి అక్క నా ముందు కూర్చుని, నన్నే ముందు క్షమించమని అడుగుతుంది. అదీ పద్ధతి. అది ఎలా వినాలి నేను?


డిసెంబరు 22

ఇరవైనాలుగు సాయంత్రం అదనపు డ్యూటీ ఇమ్మని అలారాన్ని అడిగాను. నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. "నువ్వేనా? పండగ పూట తలనొప్పని, కడుపునొప్పని, అత్తగారు పోయారని చెప్పేవాడివి నువ్వేనా?" అత్తగారు బాగానే ఉన్నారు, ఆ సంగతి వేరే. ఇచ్చాడు.

మా ఆవిడకి చెప్పాను. చొక్కాలు మడతపెడుతోంది. ఆపలేదు.

"పారిపోతున్నారా?"

"డ్యూటీ అంటే పారిపోవడమా?"

"నేను ఆ రోజు షాపులో చూశానండీ మిమ్మల్ని. ఆ వెల్డింగాయన మీ వెనకే నా కౌంటరుకొచ్చాడు. నాకూ వినిపించి, ఇందాకాయన తెలీదన్నాడు, మీకైనా తెలుసా ఈవిడ అన్నాడు."

"నువ్వేమన్నావ్?"

"మా వదిన అన్నాను. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు పాపం, సారీ చెప్పాడు." చొక్కా మడత సరిచేసింది. "అప్పటిదాకా ఆగడం దేనికి? ఇప్పుడే వంటింట్లోకి వెళ్ళి చెప్పొచ్చుగా."

వెళ్ళాను. అక్క ఉల్లిపాయలు ఒలుస్తోంది. కళ్ళనిండా నీళ్ళు. "ఏంట్రా?" అంది. నోరు తెరిచాను. "అంత బాధపడుతూ ఎందుకక్కా వాటి ప్రాణం తీయడం" అన్నాను.

ఉల్లిపాయ జోకు. ఆ నోరు పడిపోయినా బాగుండేది.


డిసెంబరు 23

ఇవాళా చెప్పలేదు.


డిసెంబరు 24

చాలా పొద్దుపోయింది. అయినా రాయాలి.

ఆఖరి పార్సిలు ఇచ్చేసరికి దీపాలు పెట్టే వేళ అయింది. ఇంకా తిరుగుదామన్నా బండిలో ఒక్క పెట్టె లేదు. మా వీధి చివర బండి ఆపి అందులోనే కూర్చున్నాను. నా కొత్త కరెంటు నక్షత్రం గుమ్మానికి వెలిగి ఆరి వెలిగి ఆరి, దుకాణంలా ఉంది. వాళ్ళు కానిచ్చేసి ఉంటారు, భోజనాల టైముకి వెళితే సరిపోతుంది అనుకున్నాను.

పిల్ల వచ్చి అద్దం మీద కొట్టింది. "అత్త రమ్మంటోంది."

"మొదలుపెట్టేయమని చెప్పు."

"చెప్పా నాన్నా. వరస తప్పకూడదు, అత్త తర్వాత నువ్వేగా, నువ్వొచ్చేదాకా ఎవరూ తినడానికి లేదంది. నాకు ఆకలేస్తోంది."

వెళ్ళాను. నాలుగు కొవ్వొత్తులు, ఇసుక డబ్బా. రంగుల దీపాలు పిల్లే ఆపేసింది. చాప మీద కూర్చున్నాం.

అక్క ముందు పిల్ల వైపు తిరిగింది. "నీ చార్జరు పోయిందని ఇల్లంతా వెతికావే, నేనే దాచాను. నువ్వు ఫోన్ చూస్తూ అన్నం తింటున్నావని. క్షమించమ్మా." పిల్ల నోరు తెరిచింది. "అత్తా! నేను నాన్ననుకున్నా!"

తర్వాత మా ఆవిడ. "అమ్మాయ్, మొన్న నువ్వు అలిసిపోయి గిన్నెలు వదిలేసి పడుకుంటే, నీకు వినపడాలని చప్పుడు చేస్తూ తోమాను. కావాలనే. క్షమించు." మా ఆవిడ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

తర్వాత నా వైపు తిరిగింది.

"ఒరేయ్. నువ్వు నా పాట అలా చేసినప్పుడు పైకి నవ్వాను. లోపల నవ్వలేదు. ఆ రోజే నీ మొహాన చెప్పాల్సింది. చెప్పలేదు. వాడికే తెలియాలి, తెలిసేదాకా ఉండనీ అనుకున్నాను. రోజూ నీకు టీ ఇస్తూ, నీ మీద కోపం పెంచుకుంటూ వచ్చాను. నిన్ను పెంచిందాన్ని, అంత పంతం పట్టాల్సింది కాదు. క్షమించరా."

పిల్ల నా వంక చూస్తోంది. నేనేమంటానా అని. జోకు వచ్చింది కూడా. ఏం జోకో రాయను. గొంతు దాకా వచ్చింది, మింగాను.

"నీ గొంతుకేం కాలేదక్కా," అన్నాను. "నేనే చేశాను. గ్రూపులో పెట్టింది నేనే. నువ్వు నవ్వలేదని నాకు తెలుసు. ఆ రోజే తెలుసు. నవ్వింది నవ్వింది అని నాకు నేనే చెప్పుకున్నాను."

అక్కడితో ఆపేసి ఉండొచ్చు. మా ఆవిడ తలవంచుకుంది, తను చెప్పదు. కానీ చెప్పాను.

"ఇంకోటి ఉంది. మొన్న షాపులో ఒకాయన నీ పాట వినిపించి, ఈవిడ ఎవరో తెలుసా అన్నాడు. తెలీదన్నాను."

కొవ్వొత్తి మైనం జారి ఇసుకలో పడింది. అక్క ఆ డబ్బాని పక్కకి జరిపింది.

"తెలీదన్నావా?"

"ఊ."

"నన్నా?"

"ఊ."

"అది కొంచెం ఎక్కువైందిరా," అంది అక్క.

నేను ఏడ్చాను. ఎప్పుడో అమ్మ పోయినప్పుడు ఏడ్చి ఉంటాను, గుర్తులేదు, అప్పటికి చిన్నవాణ్ణి. క్షమించు అన్నానో లేదో కూడా తెలీదు. అన్నానట, మా ఆవిడ చెప్పింది, మూడు నాలుగుసార్లు అన్నానట.

అక్క నా తల మీద చెయ్యి వేసింది. "క్షమించాను. పూర్తిగా పోవడానికి మాత్రం కాస్త టైము పడుతుంది. తొందరపెట్టకు."

మా ఆవిడ వంతు, పిల్ల వంతు ఏం జరిగాయో నాకు సరిగ్గా గుర్తులేదు. పిల్ల తేనె సీసా సంగతి చెప్పిందనుకుంటా.

భోజనాల దగ్గర అడిగాను. "రేపు పాడతావా?"

"పాడను."

అన్నం కలుపుతోంది. నేను మళ్ళీ అడగలేదు. కాసేపాగి తనే అంది, "పక్కన నువ్వు నిలబడితే ఆలోచిస్తా."

"నాకు పాడటం ఎక్కడొచ్చు?"

"పాడమన్నానా? నిలబడమన్నాను. నవ్వితే ఇద్దర్నీ చూసి నవ్వుతారు. పైగా ఈ ముసలిది ఎవరని ఎవరైనా అడిగితే, ఈసారైనా సరిగ్గా చెప్పడానికి ఒకడుండాలి కదా."

పిల్లకి పొలమారింది.


డిసెంబరు 25

నిలబడ్డాను.

ముందు వరసలో పిన్ని కొడుకు ఉన్నాడు. పాటలు పాడే క్వయర్ పిల్లలు ఒకళ్ళనొకళ్ళు మోచేతులతో పొడుచుకుంటున్నారు. ఎందుకో నాకు తెలుసు, నేనైనా పొడిచేవాణ్ణే. ఇన్ని పెళ్ళిళ్ళలో ఇన్ని వేషాలు వేశాను, జనం ముందు చేతులెక్కడ పెట్టుకోవాలా అని ఎప్పుడూ ఆలోచించలేదు. ఇవాళ ఆలోచించాను. జేబులో చేతులు పెట్టుకుందామంటే అక్క కళ్ళతోనే వద్దంది.

మైకు ఆవిడ ఎత్తుకి దింపాను. దింపి, వంగి, అందులోనే చెప్పాను. "ఈవిడ మా అక్క."

ఇంకేదో వస్తుందని అందరూ ఎదురుచూశారు. ఇంకేం లేదు. పక్కకి జరిగాను.

అక్క మొదలుపెట్టింది. మొదటి రెండు చరణాలు ఎప్పటిలాగే నడిచాయి. చివరి దానికొచ్చింది. "ఆకాశమంతా" అని ఎత్తింది. గొంతు కీచుమంది.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పిన్ని కొడుకు తల దించుకున్నాడు. అక్క ఆగిపోయింది. నా వంక చూడలేదు, నేనే ఆవిడని చూస్తున్నాను. ఇంకో క్షణం ఆగితే నేనే అందుకుని పాడేద్దును, ఎంత కంగాళీగా ఉన్నా సరే.

అక్కర్లేకపోయింది. అక్క గొంతు కిందికి దింపింది. బాగా కిందికి, పక్కనున్న పసివాడికి చెప్తున్నట్టు. సగం పాట, సగం మాట.

ఆకాశమంతా నీ పందిరేనంట
అమ్మ ఒడి ఒకటే నీ ఇల్లు అంట

చర్చిలో బెంచీ కిర్రుమనలేదు. క్వయర్ పిల్లలు మోచేతులు దగ్గరికి తీసుకున్నారు. ఇన్నేళ్ళు విన్నాను ఆ పాట, పైకి ఎత్తే చోట ఎప్పుడు కీచుమంటుందా అని విన్నాను గానీ, ఆ మాటలేంటో ఇవాళే విన్నాను.

బయటికి వచ్చాక అడిగాను. "ఆ కింది పాట ఎప్పుడు నేర్చుకున్నావ్?"

"నేర్చుకోవడమేంటి. అమ్మ అలాగే పాడేది, నిన్ను పడుకోబెట్టేటప్పుడు. గట్టిగా పాడితే నువ్వు లేచి కూర్చునేవాడివి. చర్చిలోకొచ్చాకే ఇది అంత పైకెక్కింది." మెట్లు దిగుతూ నా భుజం పట్టుకుంది. "మధ్యలో అందుకుందామని నోరు తెరిచావు కదరా?"

"తెరిచాను."

"ఇంకా నయం."


డిసెంబరు 28

గోడౌన్లో ఇప్పుడు పెట్టెలన్నీ వెనక్కి వస్తున్నాయి. సైజు చాలలేదట, రంగు నచ్చలేదట. ఆవిరి మిషను నేనూ వెనక్కి పంపేశాను. తీసుకెళ్ళమని అక్కే అంది, బీరువా మీద చోటు కావాలట.

అక్క ఇంకా పూర్తిగా మామూలవలేదు. మాట్లాడుతుంది, మొట్టుతుంది, కానీ ఒక్కోసారి నా మొహంలోకి చూసి ఆగిపోతుంది. టైము పడుతుందని ముందే చెప్పింది. నేను తొందరపెట్టట్లేదు.

పాట మాత్రం నాకే నేర్పుతానంది. పిల్ల నేర్చుకుంటానంటే, "నువ్వూ నేర్చుకో, కానీ ముందు వీడు. వీడికొస్తే ఇంక ఎవరికైనా వస్తుంది" అంది. సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే వంటింట్లో పీట వేసి కూర్చోబెట్టింది. తను స్టవ్ దగ్గర నిలబడి, గరిటె తిప్పుతూ చెప్తుంది. నేను అనాలి.

"పాకలో..."

"పాకలోఓ..."

"అంత సాగదీయకు, అది రబ్బరు కాదు. పాకలో."

"పాకలో."

"పవళించు."

"పవళించు."

"పిల్లాణ్ణి పడుకోబెడుతున్నావురా, జనాన్ని పక్కకి జరగమని అరవట్లేదు. మెల్లగా."

మా ఆవిడ గుమ్మంలో నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పిల్ల లోపలికి పారిపోయింది.

ఇవాళ్టికి పల్లవి వచ్చింది. మొదటి చరణం సగం వచ్చింది. తిట్లు పూర్తిగా వచ్చాయి. రేపు డ్యూటీ నుంచి తిన్నగా ఇంటికే రమ్మంది.